అగ్గిపెట్టెలు చేసిన ఆడపిల్లలు

సాయంత్రం దీపం పెట్టే వేళకి అగ్గిపెట్టె కనబడకపోతే మనకెంత విసుగో! గ్యాసుపొయ్యికి లైటరు వచ్చాక అగ్గిపెట్టె వంటింట్లోంచి దేవుడి గూట్లోకి వెళ్ళిపోయింది. పండక్కి కాకరపువ్వొత్తులు కాల్చేటప్పుడో, కరెంటు పోయి కొవ్వొత్తి కోసం తడుముకునేటప్పుడో తప్ప దాన్ని తలుచుకోం. ఆ మాటకొస్తే ఇంట్లో దానికంటే చవకైన వస్తువు ఇంకొకటి లేదేమో. బజార్లో బేరమాడతాం, నిజమే. కాని ఇంత తక్కువ ధరకి ఈ వస్తువు ఎట్లా వచ్చింది, మధ్యలో ఎవరి చేతులు నలిగాయి అని మాత్రం అడగం. అడిగే అలవాటే లేదు మనకి.

ఒకసారి అట్లా అడిగిన వాళ్ళ కథ మీకు చెబుతాను. జరిగింది లండను నగరంలో, 1888వ సంవత్సరంలో. ఇంగ్లండు కథ మనకెందుకంటారా? కాస్త ఓపిక పట్టండి. ఈ కథలో ఉన్న ఒకావిడ తరవాత మన దేశం వచ్చి, మన మదనపల్లె దాకా నడిచి వచ్చిన మనిషే.

అప్పట్లో ఇంగ్లండుని ఏలుతున్నది కన్సర్వేటివ్ పార్టీ. ప్రధానమంత్రి సాలిస్‌బరీ ప్రభువు, పెద్ద జమీందారీ వంశంవాడు. ఉన్నది ఉన్నట్టుండాలి, మార్పంటూ వస్తే నెమ్మదిగా పైనుంచి రావాలి గాని కిందినుంచి తోసుకుని రాకూడదు అన్నది ఆ పార్టీ ధోరణి. అట్లాగని వాళ్ళు కార్మికులకి ఏమీ చెయ్యలేదనుకుంటే అన్యాయం. సమ్మె చేసేవాళ్ళు ఫ్యాక్టరీ గుమ్మం దగ్గర శాంతంగా నిలబడి తోటివాళ్ళకి నచ్చజెప్పుకోవడం నేరం కాదని 1875లో చట్టం చేసింది ఈ పార్టీ ప్రభుత్వమే, డిజ్రేలీ ప్రధానిగా ఉండగా. పదేళ్ళు నిండని పిల్లల్ని ఫ్యాక్టరీ పనిలో పెట్టకూడదన్న 1878 చట్టమూ వాళ్ళదే. చట్టాలయితే పుస్తకాల్లో ఉన్నాయి. వాటిని అమలు జరిపించే ఇన్‌స్పెక్టర్లు మాత్రం దేశం మొత్తానికి కొద్దిమంది. అందులో ఆడ ఇన్‌స్పెక్టరు ఒక్కతె కూడా లేదు, 1893 దాకా. ఆడవాళ్ళు తమ బాధ ఒక మగ దొరగారితో, అదీ పక్కన ఫోర్‌మన్ నిలబడి వింటుండగా, ఏం చెప్పుకుంటారు చెప్పండి!

1886, 87 సంవత్సరాల్లో లండనులో పనుల్లేక జనం అల్లాడిపోయారు. ట్రఫాల్గర్ స్క్వేరని నగరం నడిబొడ్డున ఒక పెద్ద కూడలి ఉంది. పనిలేని బీదలు రాత్రిళ్ళు అక్కడే పడుకునేవారు, పగలు సభలు పెట్టుకునేవారు. పెద్దమనుషులకి అది కంటగింపయింది. పోలీసు కమిషనరు ఆ చోట సభలు నిషేధించాడు. 1887 నవంబరు 13, ఆదివారం నాడు నిషేధాన్ని ధిక్కరించి వేలమంది ఊరేగింపుగా వస్తే, పోలీసులు లాఠీలతో, గుర్రాలతో తొక్కించారు. సైన్యాన్నీ దింపారు. చరిత్రలో దానికి 'నెత్తుటి ఆదివారం' అని పేరు. పార్లమెంటు సభ్యుడు కన్నింగ్‌హామ్ గ్రాహంని తల పగలగొట్టి మరీ అరెస్టు చేశారు. ఆయనకీ, జాన్ బర్న్స్ అనే కార్మిక నాయకుడికీ ఆరేసి వారాల జైలు పడింది.

ఆరోజు ఊరేగింపులో ముందు నడిచినవాళ్ళలో నలభయ్యేళ్ళ స్త్రీ ఒకావిడుంది. ఆవిడే అనిబిసెంటు.

అనిబిసెంటు అనగానే మనకి జ్ఞాపకం వచ్చేది తెల్లచీర కట్టుకుని, అడయారులో మర్రిచెట్టు కింద ఉపన్యసించే పెద్దావిడ. హోమ్‌రూలు ఉద్యమం, 1917లో కాంగ్రెసు అధ్యక్ష పదవి, మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల, అక్కడ పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని చేరదీసి పెంచడం ఇవన్నీ మనకి తెలుసు. అంతకు ముందు ఆవిడ పడ్డ పాట్లు మనకంత తెలియవు. ఇరవయ్యేళ్ళకే ఒక మతగురువుతో పెళ్ళయింది. ఇద్దరు పిల్లలు. దేవుడి మీద నమ్మకం పోయిందని పైకి చెప్పినందుకు 1873లో ఇల్లు విడిచిపెట్టవలసి వచ్చింది. కొడుకు తండ్రి దగ్గర, కూతురు తన దగ్గర అని ఒప్పందం. తరవాత 1877లో, బీదవాళ్ళు ఎక్కువమంది పిల్లల్ని కనకుండా ఉండే మార్గాలు చెప్పే చిన్న పుస్తకమొకటి బ్రాడ్లా అనే ఆయనతో కలిసి అచ్చువేసింది. ఇప్పుడైతే అటువంటి పుస్తకాలు ప్రభుత్వాసుపత్రుల్లో ఊరికే పంచిపెడతారు! అప్పుడు మాత్రం అశ్లీలమని కేసు పెట్టారు. శిక్ష తప్పింది గాని, ఇటువంటి తల్లి దగ్గర ఆడపిల్ల పెరగకూడదని 1878లో కోర్టువారు ఏడేళ్ళ పిల్లని ఆవిడ ఒళ్ళోంచి తీసుకుపోయారు. పిల్లలిద్దరూ పెద్దయ్యాక తమంతట తామే తల్లి దగ్గరికి వచ్చారనుకోండి. అది వేరే సంగతి. ఇంత దెబ్బ తిన్నాక ఎవరైనా ఇంట్లో కూర్చుని ఏడుస్తారు. ఆవిడ సోషలిస్టు సభలకి వెళ్ళడం మొదలుపెట్టింది. నెత్తుటి ఆదివారం తరవాత 'ది లింక్' అని అరపెన్నీ వెల పెట్టి ఒక చిన్న వారపత్రిక నడిపింది.

1888 జూన్ 15న ఫేబియన్ సొసైటీ సభలో క్లెమెంటీనా బ్లాక్ అనే ఆవిడ ఆడవాళ్ళ కూలిపని గురించి మాట్లాడింది. ఆ సందర్భంలోనే ఒకాయన లేచి, బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల కంపెనీ వాటాదారులకి వందకి ఇరవైకి పైగా లాభం పంచుతోందనీ, పెట్టెలు నింపే ఆడపిల్లలకి ఇచ్చే కూలి మాత్రం తిండికి చాలదనీ ఎత్తి చూపాడు. ఆ కంపెనీ అగ్గిపెట్టెలు తమ ఇళ్ళల్లో కొనకూడదని సభవారు తీర్మానించుకున్నారు. తీర్మానాలు ఎవరైనా చేస్తారు. అనిబిసెంటు మర్నాడో ఆ మర్నాడో హెర్బర్ట్ బరోస్ అనే స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని, లండను తూర్పు వైపు బో అనే పేటలో ఉన్న ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళి, పని వదిలి బయటికొచ్చే పిల్లల్ని పలకరించింది.

ఆ పిల్లలు చెప్పిన సంగతులు వినండి. వేసవిలో పొద్దున్న ఆరున్నరకి పని మొదలు, చలికాలంలో ఎనిమిదికి. సాయంత్రం ఆరింటిదాకా నిలబడే చెయ్యాలి. మధ్యలో పొద్దుటి తిండికి అరగంట, మధ్యాహ్నం భోజనానికి గంట. పదహారేళ్ళ పిల్ల ఒకతె వారానికి నాలుగు షిల్లింగులు సంపాదిస్తోంది. అక్కకి ఎనిమిదో తొమ్మిదో వస్తాయి. ఇద్దరూ కలిసి ఉండే ఒక్క గదికి అద్దె రెండు షిల్లింగులు. మూడుపూటలా రొట్టె, వెన్న, టీ. నెలకోసారి మాత్రం ఒక చోటికి వెళ్ళి కాఫీ, జాము తృప్తిగా పుచ్చుకుంటుందట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆ పిల్ల ముఖం వెలిగిపోయి ఉంటుంది అనిపిస్తుంది నాకు.

ఆ నాలుగు షిల్లింగులూ చేతికి పూర్తిగా వస్తాయా అంటే అదీ లేదు. మన రూపాయికి ఒకప్పుడు పదహారణాలున్నట్టే అప్పట్లో షిల్లింగుకి పన్నెండు పెన్నీలు. కాళ్ళకి మట్టి ఉంటే మూడు పెన్నీలు జరిమానా. బల్ల కింద చెత్త ఉంటే మూడు పెన్నీలు. కొన్ని విభాగాల్లో పక్కవాళ్ళతో మాట్లాడితే మూడు పెన్నీలు. చేస్తుండగా అంటుకుని కాలిపోయిన పుల్లలు బల్లమీద ఉంచితే ఏకంగా ఒక షిల్లింగు. ఆలస్యంగా వస్తే సగంపూట గేటు బయటే. ఎనిమిది పెన్నీల రోజుకూలిలో అయిదు పెన్నీలు గల్లంతు. యంత్రంలో వేళ్ళు పడిపోబోతే లాక్కున్న ఒక పిల్లకి, యంత్రం చుట్టూ పట్టీ చుట్టుకుపోయిందని షిల్లింగు జరిమానా వేశారు. యంత్రం జాగ్రత్త, వేళ్ళ సంగతి తరవాత అని మందలించారు. ఆ మాట పాటించిన ఇంకొక పిల్లకి వేలే పోయింది. బాగయ్యేదాకా కంపెనీ పైసా ఇవ్వలేదు.

వీళ్ళు కాక ఇళ్ళల్లో కూర్చుని అగ్గిపెట్టె డొప్పలు అంటించేవాళ్ళు వేరు. వాళ్ళంతా గృహిణులు, వాళ్ళ పిల్లలు. గ్రోసు, అంటే నూట నలభై నాలుగు డొప్పలు చేస్తే రెండుంపావు పెన్నీలు. అంటించే మైదా జిగురు వాళ్ళదే, కట్టే దారం వాళ్ళదే, ఎండబెట్టుకోవడానికి ఉన్న ఒక్క గదీ వాళ్ళదే. బళ్ళోకి వెళ్ళవలసిన పిల్ల బల్ల దగ్గర కూర్చుంటే తప్ప రాత్రికి రొట్టె లేదు. ఇళ్ళల్లో అప్పడాలు ఒత్తి, బీడీలు చుట్టి లెక్క అప్పజెప్పే మన ఆడవాళ్ళ జ్ఞాపకం రావటంలేదూ?

అన్నిటికంటే ఘోరమైనది రోగం. అప్పటి అగ్గిపుల్లలు రెండు రకాలు. ఒకటి ఎర్రభాస్వరంతో చేసేది. పెట్టె పక్కనున్న పట్టీ మీద గీస్తేనే వెలుగుతుంది, మనమిప్పుడు వాడే తరహా. రెండోది తెల్లభాస్వరం పుల్ల. గోడమీద గీసినా, చెప్పు అడుగున గీసినా భగ్గుమంటుంది. అదే చవక, అందుకని జనం అదే అడిగేవారు. తెల్లభాస్వరం విషం. దాని ఆవిరి పీల్చి, ఆ చేతులతోనే పని బల్ల దగ్గరే రొట్టె తిని, ఏళ్ళ తరబడి పని చేసినవాళ్ళకి మొదట పంటిపోటు వచ్చేది. తరవాత దవడ వాచి, చీము పట్టి, ఎముక కుళ్ళి ఊడి వచ్చేది. ఆ వాసనకి సొంత ఇంట్లోవాళ్ళే దగ్గర కూర్చోలేకపోయేవారు. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. పంటిపోటని చెబితే పన్ను పీకించుకో, లేకపోతే పని మానెయ్యి అనేవారు మేస్త్రీలు. ఎర్రభాస్వరం పుల్లలు చేసే హక్కు ఇదే కంపెనీ 1855లోనే స్వీడను వాళ్ళ దగ్గర కొనుక్కుంది. మార్గం తెలియక కాదన్నమాట. గిట్టుబాటు తక్కువ. కొనేవాళ్ళు నాలుగు కాసులు తక్కువైతే చాలుననుకున్నారు. ఆ కొనేవాళ్ళలో ఎక్కువమంది ఇల్లాళ్ళే కదా, మన దాకా వచ్చింది తప్పు.

ఇందులో ఇంకొక తమాషా ఉంది. దేశాన్ని ఏలేది కన్సర్వేటివులే గాని, ఈ కంపెనీ యజమానులు మాత్రం ప్రతిపక్షం వాళ్ళు, లిబరల్ పార్టీ అభిమానులు. దాన ధర్మాలు చేసే క్వేకరు మతస్థుల కుటుంబం. థియొడోర్ బ్రయంట్ 1882లో లిబరల్ నాయకుడు గ్లాడ్‌స్టన్‌కి బో రోడ్డులో విగ్రహం పెట్టించాడు. దానికోసం పనిపిల్లల కూలిలోంచి తలా ఒక షిల్లింగు కోశారనీ, ఆవిష్కరణనాడు సగంపూట సెలవిచ్చి ఆ సగంపూట కూలీ ఎగ్గొట్టారనీ పిల్లలు అనిబిసెంటుతో చెప్పుకున్నారు. సభకి కొందరు రాళ్ళు పట్టుకుని వెళ్ళారట. తరవాత కొందరు ఆ విగ్రహం చుట్టూ చేరి, మా నెత్తురుతో కట్టారు ఇది అని, చేతులు కోసుకుని ఆ దిమ్మ మీద రక్తం చిందించారట. ఓటు లేని ఆడపిల్లలకి ఏ పార్టీ అయితేనేం! పెద్ద పార్టీలు రెండూ తమని చూడవని వాళ్ళకి బాగా అర్థమయింది.

1888 జూన్ 23న ఈ సంగతులన్నీ 'లండనులో తెల్ల బానిసత్వం' అన్న పేరుతో 'ది లింక్'లో అచ్చయ్యాయి. లాభాలు పుచ్చుకునే వాటాదారుల్లో మతగురువులు కూడా ఉన్నారని అందులో రాసింది. కంపెనీవారు పరువునష్టం దావా వేస్తామని బెదిరించారు. వెయ్యలేదు. దావా బదులు ఇంకొక పని చేశారు. ఒక కాగితం రాయించి, మేం సుఖంగా ఉన్నాం, ఆ రాతలన్నీ అబద్ధం అని సంతకాలు పెట్టమని పనివాళ్ళకి పంపారు. మేస్త్రీ వచ్చి కాగితం బల్లమీద పెట్టి వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే ఒక్క సంతకం లేదు!

ఇది నన్నడిగితే ఈ కథకంతటికీ ఆయువుపట్టు. వారానికి నాలుగు షిల్లింగుల పిల్ల, అది పోతే వీధిన పడే పిల్ల, చదువు అంతంతమాత్రమైన పిల్ల, పై అధికారి కళ్ళెదుట కాగితం తోసెయ్యడం మాటలు కాదు. మనలో ఎంతమందిమి, మనకిష్టంలేని కాగితం మీద ఇంట్లోవాళ్ళు పెట్టమన్నచోట సంతకం పెట్టలేదు? ఆవిడ మా కోసం మాట్లాడింది, ఆవిడ మీద అబద్ధం రాసి ఇవ్వం అన్నారు. అనిబిసెంటుకి ఆ సంగతి తెలియజేస్తూ ఉత్తరం కూడా రాశారు.

జులై మొదటివారంలో యాజమాన్యం ఒక అమ్మాయిని పనిలోంచి తీసేసింది. చెప్పినట్టు పని చెయ్యలేదని కారణం చెప్పారు గాని, అసలు కారణం అందరికీ తెలుసు. ఒక గదిలో పని ఆగింది, పక్క గదిలో ఆగింది. సుమారు పధ్నాలుగు వందలమంది ఆడవాళ్ళు, ఆడపిల్లలు వీధిలోకొచ్చి నిలబడ్డారు. మర్నాడు రెండువందలమంది దాకా తూర్పు లండను నుంచి నడిచి అనిబిసెంటు ఆఫీసు ముందుకి వచ్చారు. మీవల్లే ఇదంతా, ఇప్పుడేం చెయ్యమంటారు అని.

నిజం చెప్పాలంటే ఆవిడ సమ్మె కోరుకోలేదు. దమ్మిడీ నిలవ లేని పిల్లలు సమ్మెలో ఎట్లా నిలుస్తారని ఆవిడ భయం. కొనేవాళ్ళు ఆ అగ్గిపెట్టెలు మానేస్తే చాలునని ఆవిడ ఆలోచన. సమ్మె ఆ పిల్లలే మొదలుపెట్టారు. మొదలయ్యాక మాత్రం ఆవిడ వెనక్కి తగ్గలేదు. చందాలు పోగుచేసింది. పెన్నీలు మొదలుకుని పౌన్ల దాకా వచ్చాయి, మొత్తం నాలుగువందల పౌన్లదాకా. వారం వారం పుస్తకంలో పేరు రాసి, ఇంటి పరిస్థితి చూసి తలా కొంచెం పంచారు. 'టైమ్స్' పత్రిక మాత్రం పనివాళ్ళు అమాయకులు, వాళ్ళని చెడగొట్టింది సోషలిస్టులే అని రాసింది. ఆడవాళ్ళు నోరు విప్పితే వెనక ఎవరో ఉన్నారనడం ఇప్పటికీ మానలేదు లెండి. కంపెనీవారు గ్లాస్గో నుంచి వేరే పనివాళ్ళని తెప్పిస్తామన్నారు, బెదిరింపులు చాలానే చేశారు.

జులై 11న ఆ పిల్లలు యాభైమంది దాకా పార్లమెంటుకి వెళ్ళారు. వాళ్ళలో కొందరిని లోపలికి పిలిచి సభ్యులు మాట్లాడారు. జైలుకెళ్ళి వచ్చిన ఆ కన్నింగ్‌హామ్ గ్రాహమే అక్కడా వాళ్ళ పక్షాన నిలబడ్డాడు. పెట్టెల బరువులు మోసీ మోసీ జుట్టు ఊడిపోయిన ఒక చిన్న పిల్ల, తలమీది శాలువా తీసి తన బట్టతల వాళ్ళకి చూపించింది. ఆడపిల్లకి జుట్టంటే ఎంత ప్రాణమో మీకు నేను చెప్పాలా? ఈ పిల్లలే నలుగురైదుగురు కలిసి చీటీలాగా తలా కాస్త వేసుకుని, ఈకలు పెట్టిన పెద్ద టోపీ ఒకటి కొనుక్కుని, వంతులవారీగా పెట్టుకునేవారని అప్పటివాళ్ళు రాశారు. సోకులకి డబ్బుంటుంది గాని తిండికి లేదా అని పెద్దమనుషులు ఈసడించేవారు. నాకు మాత్రం ఆ చీటీ ముచ్చటగానే ఉంది. చీటీ కట్టడం తెలిసినవాళ్ళకి సంఘం కట్టడం కొత్తేమీ కాదు.

చివరికి లండను కార్మిక సంఘాల మండలి మధ్యవర్తిత్వం చేసింది. జులై 17 కల్లా రాజీ కుదిరింది. జరిమానాలు పూర్తిగా రద్దు. రంగులకీ, కుంచెలకీ కోసే కోతలు రద్దు. తీసేసిన వాళ్ళతో సహా అందరికీ పని. కష్టమొస్తే మేస్త్రీతో కాదు, నేరుగా యాజమాన్యంతోనే చెప్పుకోవచ్చు. తిండి తినడానికి భాస్వరం లేని వేరే గది. రెండు వారాల్లో ఇదంతా! జులై 27న ఆడవాళ్ళ సంఘం ఏర్పడింది. పన్నెండుమందిని కమిటీకి ఎన్నుకున్నారు. అక్టోబరుకి సభ్యులు ఆరువందల అరవై ఆరు. ఆ రోజుల్లో ఆడవాళ్ళకి ఇంతకంటే పెద్ద సంఘం ఇంగ్లండులో లేదని చెబుతారు. మరుసటి ఏడు, 1889లో గ్యాసు కార్మికులు, ఆగస్టులో లండను రేవు కూలీలు లేచారు. రేవు కూలీల్లో చాలామంది ఈ పిల్లలకి అన్నదమ్ములు, తండ్రులు, మొగుళ్ళు. ఇంట్లో ఆడవాళ్ళు గెలిచి చూపించాక మగవాళ్ళు ఊరుకోలేరు కదా!

రోగం మాత్రం ఒక్క సమ్మెతో పోలేదు. 1891లో సాల్వేషన్ ఆర్మీవారు ఎర్రభాస్వరంతో చేసే ఫ్యాక్టరీ ఒకటి ఆ పక్కనే పెట్టి, ఎక్కువ కూలి ఇచ్చి చూపించారు. 1898లో బ్రయంట్ అండ్ మే కంపెనీ దవడరోగం కేసుల్ని ప్రభుత్వానికి తెలియనీకుండా దాచిందని తేలింది. పదిహేడు కేసులు, అందులో ఆరుగురు చనిపోయారు. దానికి కోర్టు వేసిన జరిమానా పాతిక పౌన్ల చిల్లర! కాళ్ళకి మట్టుందని మూడు పెన్నీలు కోసినవాళ్ళు కట్టుకున్న జరిమానా అది. అప్పుడూ ప్రధాని సాలిస్‌బరీయే. ఆయన ప్రభుత్వమే 1896లో కూలీల జరిమానాలకి హద్దులు పెట్టే చట్టమూ, 1897లో పనిలో గాయపడ్డవాళ్ళకి పరిహారమిప్పించే చట్టమూ తెచ్చింది. మనసు మారి తెచ్చారా, రేవుల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ చప్పుడు విని తెచ్చారా అన్నది మీరే ఆలోచించుకోండి. కంపెనీ 1901లో తెల్లభాస్వరం మానేసింది. 1906లో బెర్న్ నగరంలో కొన్ని దేశాలు కలిసి దాన్ని నిషేధించుకున్నాయి. 1908లో ఇంగ్లండు చట్టం చేసింది. మన దేశంలో 1913లో చట్టం వచ్చింది. అందువల్లనే ఇవాళ మన దేవుడి గూట్లో ఉన్న అగ్గిపెట్టెలో ఆ విషం లేదు.

అనిబిసెంటు 1889లో దివ్యజ్ఞాన సమాజంలో చేరి, 1893లో మన దేశం వచ్చింది. ఆవిడ దగ్గర పనిచేసినవాళ్ళలో బి.పి. వాడియా ఒకరు. 1917లో ఆవిడతో పాటు ఊటీలో నిర్బంధంలో ఉన్నవాడు. ఆ మరుసటి ఏడు మద్రాసులో బకింగ్‌హామ్ కర్ణాటిక్ మిల్లు కూలీల బాధలు చెప్పుకోవడానికి సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అనే ఇద్దరు ఆయన దగ్గరికి వచ్చారు. మధ్యాహ్నం అన్నానికి ఇచ్చే అరగంటలో చేతులు కడుక్కుని, తిని, మళ్ళీ లోపలికి పరుగెత్తడం కుదరటంలేదన్నది వాళ్ళ మొదటి మొరల్లో ఒకటి. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడింది. మన దేశంలో పద్ధతిగా ఏర్పడిన తొలి కార్మిక సంఘమని దాన్ని చెప్పుకుంటారు. తరవాత మిల్లువాళ్ళు హైకోర్టుకెక్కి వాడియా మీద ఆంక్ష తెచ్చుకున్నారు. సంఘం పెట్టుకోవడం నేరం కాకుండా చట్టం కావాలన్న ఆందోళన పెరిగి, 1926లో ట్రేడ్ యూనియన్ చట్టం వచ్చింది. బో పేటలో ఆ పిల్లలు అడిగిన తిండి గదికీ, పెరంబూరు కూలీలు అడిగిన అన్నం గంటకీ ఎంత దగ్గర పోలికో చూడండి.

చాలాకాలం ఈ సమ్మె కథని అనిబిసెంటు కథగానే చెప్పారు. చదువుకున్న దొరసాని వచ్చి అమాయకపు పిల్లల్ని నడిపించిందని. ఈ మధ్య, 2009లో లూయిస్ రా అనే చరిత్రకారిణి పాత కాగితాలు తిరగేసి, ఆ పిల్లల మనవల్ని, ముని మనవల్ని వెతికి పట్టుకుని మాట్లాడి ఒక పుస్తకం రాసింది. నడిపించింది ఆ పిల్లలేనని, అంతకు ముందు కూడా ఆ ఫ్యాక్టరీలో సమ్మెలు జరిగాయని, సమ్మె కమిటీలో మేరీ డ్రిస్కల్, ఆలిస్ ఫ్రాన్సిస్, ఎలైజా మార్టిన్, సారా చాప్‌మన్ వంటివాళ్ళున్నారని అందులో చూపించింది. దీనివల్ల అనిబిసెంటు గొప్ప తగ్గిందని నేననుకోను. పిల్లల గొప్ప మాత్రం వాళ్ళకి తిరిగొచ్చింది.

ఆ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది. ఇప్పుడక్కడ ఖరీదైన ఇళ్ళు, ఫ్లాట్లు. 2022లో ఆ గోడకి సమ్మె జ్ఞాపకంగా నీలం ఫలకం ఒకటి బిగించారు. బో రోడ్డులో గ్లాడ్‌స్టన్ విగ్రహం ఇంకా ఉంది. దాని చేతులకి ఎవరో ఎర్రరంగు పూస్తూ ఉంటారు.

సారా చాప్‌మన్ సమ్మె నాటికి పాతికేళ్ళది. సంఘం కమిటీకి ఎన్నికయింది. ఆ ఏడే లండనులో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకి ప్రతినిధిగా వెళ్ళింది. 1891లో ఒక వడ్రంగిని పెళ్ళాడి ఫ్యాక్టరీ మానేసింది. ఆరుగురు పిల్లల్ని కంది. సంసారం చేసుకుంది. 1945లో, ఎనభై మూడేళ్ళ వయసులో చనిపోతే, డబ్బులేక బీదలందరినీ కలిపి పూడ్చే గోతిలోనే ఆవిణ్ణీ పూడ్చారు. పేరు చెక్కిన రాయి కూడా పెట్టలేదు. ఆవిడ అటువంటి పని చేసిందని ఇంట్లోవాళ్ళకే తెలియదు. ఆవిడ మునిమనవరాలు ఇంటిపేర్ల చరిత్ర వెతుక్కుంటూ పోతే, సమ్మె కమిటీ ఫోటోలో ముత్తవ్వ కనబడింది.